ఫిల్టరు తర్వాతి పైపు



పోయిన నెల ఏమీ రాయలేదేమని చాలామంది ఫోన్ చేసి అడిగారు. ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగారు. ఒళ్ళు బాగానే ఉంది. రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగలేదు. ఎందుకు సాగలేదో ఈరోజు చెప్తాను. అది చెప్పాలంటే ముందు మన జీపు సంగతి చెప్పాలి.

జీపు మీ అందరికీ తెలిసిందే. మహీంద్రా సీజే-3బీ, పెట్రోలు బండి. ఆర్సీలో 1974 అని ఉంది. అంటే నాకంటే పెద్దది. మహీంద్రావారు మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం 1947లో మొదలుపెట్టారు. ఈ బండి కూడా ఆ వంశానిదే. నాకు ముందున్న అయ్యగారు దీన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. పైగుంపుల ముసలివాళ్ళను ఆదివారం కూడికకు తెచ్చేది ఇదే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు బియ్యం బస్తాలు, దుప్పట్లు మోసిందీ ఇదే. దీన్ని అమ్మేసి ఒక మంచి డీజిలు బండి తీసుకుందామని కమిటీలో ప్రతి సంవత్సరం ఒకరు లేస్తారు. ప్రతి సంవత్సరం నేనే ఆపుతాను. అందులో నా మొండితనం కొంత ఉంది, ఒప్పుకుంటాను.

ప్రతి శనివారం సాయంత్రం చర్చి వెనక చింతచెట్టు కింద నేను చేసే పని మీరు చూసే ఉంటారు. పిల్లలు చుట్టూ చేరతారు. "అయ్యగారి సబ్బాతు బండి కిందే" అని ఒక పెద్దాయన నవ్వుతారు కూడా. ఆ పనేమిటో కాస్త వివరంగా రాస్తాను. మనలో చాలామందికి ట్రాక్టర్లున్నాయి, పాత ట్రాక్టర్లకు కూడా ఇదే పని కాబట్టి పనికొస్తుంది.

ఒక లీటరు పెట్రోలు ఇంజనులో సరిగ్గా కాలాలంటే, బరువు లెక్కన దానికి దాదాపు 15 రెట్లు గాలి కావాలి. గాలి తేలిక కదా, లీటర్లలో చూస్తే 9 వేల లీటర్ల పైమాటే. మన ఊరి నుంచి భద్రాచలం వెళ్ళడానికి ఈ జీపు ఐదు లీటర్లు తాగుతుంది. అంటే ఆ ఒక్క ప్రయాణంలో 45 వేల లీటర్ల గాలి పీల్చుకుంటుందన్నమాట. అదీ ఏ గాలి? మన దారుల గాలి. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ అనే ఆయన బొగ్గు కనిపెట్టిన తర్వాత ఈ ప్రాంతపు ముఖమే మారింది. కొత్తగూడెం, మణుగూరు రోడ్ల మీద బొగ్గు లారీ వెనక ఒక్క పది నిమిషాలు వెళ్ళి ఇంటికొచ్చి రుమాలు చూసుకోండి. అది నల్లదుమ్ము. లోపలి దారుల్లో మొరం దుమ్ము ఎర్రగా ఉంటుంది. వరికోతలప్పుడు పొట్టు, పత్తి తీసేటప్పుడు నూగు. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో బిషప్ అయిన తర్వాత కూడా ఎడ్లబండిలో పల్లెలు తిరిగారు. ఎడ్లకు ఎయిర్ ఫిల్టరు మార్చే పని లేదు, ఆయన అదృష్టవంతులు.

ఆదికాండము 2వ అధ్యాయంలో దేవుడు నేలమంటితో మనిషిని చేసి ఊపిరి ఊదాడని చదువుతాం. మనలో మన్నూ ఊపిరీ కలిసే ఉన్నాయి. ఇంజనుకు మాత్రం ఊపిరే కావాలి, మన్ను ఒక్క చిటికెడు కూడా పనికిరాదు. మొరం దుమ్ములో ఉండే ఇసుకరేణువు ఇనుముకన్నా గట్టిది. అది లోపలికెళ్ళి సిలిండరు గోడ మీది ఆయిలుతో కలిస్తే, వాల్వులు అరగదీయడానికి మెకానిక్కులు వాడే పేస్టు ఉంటుంది చూడండి, అదే తయారవుతుంది. పిస్టను దిగుతూ ఎక్కుతూ తన గోడను తానే అరగదీసుకుంటుంది.

అందుకే ఫిల్టరు. కొత్త బండ్లలో కాగితం ఫిల్టరు వస్తుంది. మన జీపుది పాతకాలపు ఆయిల్ బాత్ ఫిల్టరు. ఇనుప డబ్బా, లోపల తీగె జాలీ, అడుగున ఆయిలు గిన్నె. బయటి గాలి పైనుంచి దిగి, ఆయిలు మీద గిర్రున వెనక్కి తిరిగి పైకి పోవాలి. గాలి తేలిక కాబట్టి తిరుగుతుంది, దుమ్ము బరువు కాబట్టి తిరగలేక ఆయిలులో పడిపోతుంది. మిగిలిన సన్నదుమ్మును ఆయిలుతో తడిసిన జాలీ పట్టుకుంటుంది. దీన్ని మొదటిసారి విప్పినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు.

శనివారం పని ఇదీ: క్లిప్పు తీసి గిన్నె దింపాలి. పైనున్న ఆయిలు వంపేస్తే అడుగున వారం రోజుల మన దారులన్నీ బురదలా కూర్చుని ఉంటాయి. నలుపు, ఎరుపు పొరలు పొరలుగా. దాన్ని గీకి తీసి, గిన్నెనూ జాలీనీ కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, గిన్నె మీద గీత ఉంటుంది, సరిగ్గా ఆ గీతదాకా కొత్త ఇంజనాయిలు పోయాలి. మొదట్లో నేను భక్తి ఎక్కువై గీత దాటించి పోశాను. ఇంజను ఆ ఆయిలును కూడా పీల్చి ఊరంతా పొగ పెట్టింది. తక్కువ పోస్తే దుమ్ము పడదు. వానల్లో నీళ్ళు చేరితే అవి ఆయిలు కిందికి దిగి ఆయిలును పైకి లేపుతాయి, అప్పుడూ అదే గొడవ. కాబట్టి ట్రాక్టరున్న తమ్ముళ్ళు వాన వెలిసిన తర్వాత ఒకసారి గిన్నె దింపి చూడండి.

ఫిల్టరు నుంచి ఒక లావుపాటి రబ్బరు పైపు కార్బరేటరుకు వెళ్తుంది. మన బండికి ఉన్నది సోలెక్స్ కార్బరేటరు. పైన గాలి వచ్చే గొట్టం, పక్కన పెట్రోలు నిలిచే చిన్న గిన్నె, లోపల సన్న సన్న ఇత్తడి జెట్లు. ఒక్కో జెట్టు రంధ్రం ఇంచుమించు సూదిమొనంత. అందులోకి తీగె మాత్రం పెట్టకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే లెక్క తప్పుతుంది. పెట్రోలుతో కడిగి గాలి కొట్టించాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమను లాక్కుంటుంది. వానాకాలంలో బండి వారాల తరబడి కదలకపోతే ఆ చిన్న గిన్నెను విప్పి తుడవాలి.

ఇక అసలు సంగతి. పోయిన ఎండాకాలం ముందునుంచే జీపు మొరాయించడం మొదలుపెట్టింది. స్లోలో నిలబడేది కాదు. ఎత్తు ఎక్కాలంటే పికప్ లేదు. ఇంజనాయిలు తగ్గిపోతోంది, వెనక నీలం పొగ. కార్బరేటరు విప్పితే పైన గాలి తీసుకునే సన్నరంధ్రాల దగ్గర ఎర్రటి పొడి కనిపించింది. కడిగాను. రెండు వారాలకు మళ్ళీ పొడి. మళ్ళీ కడిగాను. పెట్రోలులో చెత్త వస్తోందేమోనని పెట్రోలు ఫిల్టరు మార్చాను. మిక్చరు స్క్రూ అరచుట్టు ఇటూ అటూ తిప్పాను. ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఆ పొడి ఎర్రగా ఉంది, మొరం రంగులో ఉంది, పెట్రోలు బంకులో మొరం ఎక్కడిది అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నా ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంది. ప్రతి శనివారం నా చేతులతో కడుగుతున్నాను. పదిమంది చూస్తున్నారు. అటునుంచి దుమ్ము వచ్చే ప్రసక్తే లేదని నా ధీమా.

శ్రమదినాల కూడికల్లో ఒక రాత్రి పైగుంపు వాళ్ళను దింపడానికి వెళ్తుంటే, వాగు దాటిన తర్వాతి ఎత్తు మీద జీపు ఆగిపోయింది. తొమ్మిదిమంది ఉన్నారు, అందులో నలుగురు ముసలివాళ్ళు. సెల్‌ఫోను వెలుగులో రెండు కిలోమీటర్లు అడవిలో నడిచారు. ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని నడుస్తూ దారిపొడుగునా పాట పాడింది. నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు బండిని పాల్వంచకు లాగించుకుపోయాను. అక్కడ ఒక పాత మెకానిక్ ఉన్నాడు. భాయ్ అని పిలుస్తాను. నన్ను ఆయన ఫాదర్ అంటాడు. నేను ఫాదర్ని కాను, పాస్టర్ని అని పాతికసార్లు చెప్పాను. లాభం లేదు.

చెప్పవలసినదంతా చెప్పాను. జెట్లు కడిగాను, స్క్రూ తిప్పాను, ఫిల్టరు వారం వారం కడుగుతున్నాను అని. ఆయన ఫిల్టరు వైపు చూడనేలేదు. కార్బరేటరు మూతి దగ్గర పైపు క్లిప్పు వదులు చేసి, పైపు లాగి, లోపల వేలు పెట్టి తిప్పి నా ముందు పెట్టాడు. వేలు ఎర్రగా ఉంది.

"ఫిల్టరు మంచిగనే ఉంది ఫాదర్. ఫిల్టరు దాటినంక దుమ్ము ఎట్లొచ్చింది?"

నేను మాట్లాడలేదు. ఆయన ఆ వేలినే పైపు కిందివైపు పెట్టి తడిమాడు. పైనుంచి చూస్తే నల్లగా నిగనిగలాడుతున్న పైపు. కింద, ఇంజను వేడి తగిలేచోట, నా బొటనవేలంత పగులు. కంటికి ఆనదు. చేత్తో తడిమితేనే తెలుస్తుంది.

"మీరు దర్వాజా దగ్గర కాపలా పెట్టిండ్రు. దొంగ ఇంటెనక గోడలకెల్లి వస్తుండు" అన్నాడు.

కంప్రెషన్ చూశాడు. నాలుగు సిలిండర్లలో రెండింటిలో బాగా పడిపోయింది. పైపు మారిస్తే సరిపోతుందా అని అడిగాను. కొత్త దుమ్ము రాదు, అరిగింది మాత్రం అరిగిందే, బోరు చెయ్యాలె అన్నాడు.

తాత్కాలికంగా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టించుకుని బయల్దేరాను. ములకలపల్లి దారిలో టేకుచెట్ల మధ్య బండి నడుపుతుంటే ఆ మాటే చెవిలో తిరుగుతోంది, ఫిల్టరు దాటినంక దుమ్ము ఎట్లొచ్చింది అని. అప్పుడు నాకు ఒక మనిషి గుర్తుకొచ్చింది. ఆమె అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. పేరు వద్దన్నారు.

మన సంఘంలో పన్నెండేళ్ళు సండే స్కూలు నడిపిన అక్క. భర్త లేరు. స్త్రీల కూడిక కానుకలు కూడా ఆమె చేతిలోనే ఉండేవి. రెండేళ్ళ క్రితం ఆ బాధ్యతలు రెండూ ఆమె దగ్గరనుంచి తీసి వేరేవారికి ఇచ్చాం. "అక్క ఆరోగ్యం బాగుండటం లేదు, విశ్రాంతి కావాలి" అని నేనే ఆదివారం ప్రకటించాను. అది నిజం కాదు. కానుకల డబ్బులో 3,400 రూపాయలు ఆమె సొంతానికి వాడుకున్నారని నాకు ఒకరు చెప్పారు. నేను నమ్మాను. ఆ మరుసటి నెలనుంచి ఆమె చర్చికి రావడం మానేశారు. మానేస్తే, నిజమే కాబట్టి మానేశారనుకున్నాను.

మీకు తెలుసు, ఎవరిమీదనైనా ఫిర్యాదు వస్తే నేను ఊరికే తీసుకోను. కాగితం మీద రాయమంటాను, ఇద్దరు సాక్షులను తెమ్మంటాను, కమిటీలో ఇద్దరినీ కూర్చోబెడతాను. 1 తిమోతి 5:19 చూపిస్తాను. వినకముందే తీర్పు చెప్పేవాడి గురించి సామెతలు 18:13 మీద రెండుసార్లు ప్రసంగించాను. "మన అయ్యగారి దగ్గర చాడీలు నడవవు" అని మీరు అంటుంటే నా చెవులకు ఇంపుగా ఉండేది కూడా. కానీ ఈ మాట ఆ దారిన రాలేదు. నాకు చాలా దగ్గరి మనిషి, రాత్రి భోజనం దగ్గర, మామూలుగా చెప్పిన మాట. అంత దగ్గరనుంచి వచ్చేదాన్ని వడపోయాలని నాకు తట్టనే లేదు. ఆ మనిషి పేరు రాయను. రాస్తే తప్పు అటు జరిగిపోతుంది. పైగా వారు అబద్ధమాడలేదు. పుస్తకంలో 3,400 తక్కువ ఉండటం చూశారు, అనుకున్నది అన్నారు. అడగవలసింది నేను, అడగలేదు.

దోమను వడకట్టి ఒంటెను మింగేవాళ్ళ గురించి ప్రభువు మత్తయి 23లో అన్నది నేను ఎప్పుడూ శాస్త్రులకూ పరిసయ్యులకూ చెప్పినట్టే చదివాను.

ఆ వారమే ఆమె ఇంటికి వెళ్ళాను. మిరపకాయలు ఆరబోసుకుంటున్నారు. మంచం వాల్చారు, నీళ్ళిచ్చారు. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక జీపు సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కాయలు తిప్పుతూ విన్నారు. తర్వాత అడిగాను, రెండేళ్ళు ఆలస్యంగా.

"అక్కా, ఆ 3,400 ఏమయ్యాయి?"

ఆమె లోపలికి వెళ్ళి ఒక నోటుపుస్తకం తెచ్చారు. బస్సు చార్జీలు, మందుల చీటీలు, స్కానింగు రసీదు. మన సంఘంలోని ఒక ఆడపిల్ల వైద్యం కోసం ఖర్చు పెట్టారు. ఆ పిల్ల జబ్బు ఎవరికీ తెలియకూడదని, తెలిస్తే సంబంధాలు రావని తల్లి కాళ్ళు పట్టుకుని బతిమాలింది. అందుకే పద్దు పుస్తకంలో రాయలేదు. పంట డబ్బు రాగానే తన డబ్బుతో ఆ లోటు పూడ్చేద్దామనుకున్నారు. ఈలోపే నేను ప్రకటన చేశాను.

"అప్పుడే చెప్పవచ్చు కదా అక్కా" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణమే సిగ్గేసింది.

"మీరు అడిగుంటే మీ ఒక్కరికీ చెప్పేదాన్ని అయ్యగారూ. అడగలేదు కదా. అడగకుండానే మైకులో చెప్పేసిండ్రు. ఇగ నేను చెప్తే ఆ పిల్ల పేరు బయటికొస్తది."

క్షమించమని అడిగాను. క్షమించానని అన్నారు. "దేవుడు నన్ను క్షమించలేదా ఏంది" అని కూడా అన్నారు. ప్రార్థన చేద్దామంటే తల మీద కొంగు వేసుకుని కూర్చున్నారు. కానీ ఆదివారం వస్తారా అంటే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "రెండేండ్లు పిల్లలు వీధిల నన్ను చూసి పక్కకు తప్పుకున్నరు అయ్యగారూ. నేను పాటలు నేర్పిన పిల్లలే" అన్నారు. అంతే. కాయలు తిప్పడానికి లేచారు.

నేను పైపు మార్చాను. మన దగ్గర దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాను. ఇప్పుడు కార్బరేటరు మూతిలో వేలు పెట్టి తిప్పితే వేలికి ఏమీ అంటడం లేదు. నీలం పొగ మాత్రం అలాగే ఉంది.

పోయిన ఆదివారం కూడికలో, మైకులో, రెండేళ్ళ క్రితం నేను చేసిన ప్రకటన అబద్ధమని చెప్పాను. ఆ అక్క డబ్బు ముట్టలేదని, తప్పు నాదని చెప్పాను. ఆ డబ్బు ఎటు వెళ్ళిందో చెప్పలేదు, చెప్పను, దయచేసి ఎవరూ ఆరా తీయవద్దు. ఆరోజు రానివారి కోసం, ఖమ్మంలో, హైదరాబాదులో ఉండి ఇది చదివే మన పిల్లల కోసం మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను. మీలో ఆమె దగ్గర పాటలు నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నెంబరు మీ దగ్గర ఉంటే ఫోన్ చేయండి. నా తరఫున ఏమీ చెప్పవద్దు, మీ తరఫున మాట్లాడండి.

ఇంజను వచ్చే సోమవారం దింపుతున్నాం. లేత్ షాపులో బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు వేయాలి. ఈ ఖర్చు సంఘం ఫండులోంచి తీయడం లేదు. నాలుగు నెలలు చూడకుండా నడిపింది నేను కాబట్టి నా జీతంలోంచి నెలనెలా కడతాను. కమిటీకి చెప్పాను, కోశాధికారి ఒప్పుకోలేదు, అయినా కడతాను.

పని అయ్యేవరకు కనీసం రెండు ఆదివారాలు జీపు ఉండదు. పైగుంపు పెద్దవాళ్ళను తీసుకురావడానికి ట్రాక్టరు ఉన్న తమ్ముళ్ళు శుక్రవారంలోపు నాకు చెప్పండి. ట్రాలీలో గడ్డి పరిచి పైన పట్టా వేయండి, అవ్వలకు నడుములు నొప్పులు. వాగు దాటిన తర్వాత కుడివైపు మూడో ఇల్లు అక్కది. అక్కడ ఆపి హారన్ కొట్టవద్దు. దిగి గడపదాకా వెళ్ళి, వస్తారా అక్కా అని అడగండి. రానంటే వందనాలు చెప్పి వచ్చేయండి. ఆ పై ఆదివారం మళ్ళీ ఆపండి.